ఛీ మేస్త్రి కడిగిన ఫ్యాన్ క్లచ్

బస్సు డిపోలో వాషింగ్ షెడ్డు మేస్త్రిగా పనిచేసి రిటైరైన ఆ పెద్దమనిషిని ఎదురుగా ఉన్నప్పుడు అందరూ మేస్త్రిగారూ అనేవారు. ఆయన అటు తిరగ్గానే ఛీ మేస్త్రి అనేవారు. రెండో పేరే ఆయనకు బాగా నప్పింది. పాల ప్యాకెట్టుకు మట్టి అంటుకుని ఉంటే ఛీ. పోస్టుమాన్ వేలు నాలుకకు రాసుకుని ఉత్తరం తీసి ఇస్తే ఛీ. టీ కప్పు అంచున ఎవరి పెదవి మరకో కనిపించిందంటే ఒక్క ఛీ ఆయనకు చాలేది కాదు, వరసగా నాలుగైదు అనుకుంటూ లేచిపోయి, ఆ టీ కొట్టు ఉన్న వీధిలో మళ్లీ అడుగు పెట్టేవాడు కాదు. అలా ఊళ్లో చాలా వీధులు ఆయనకు లేకుండా పోయాయి.

అలాగని ఆయన్ని ఒక్కణ్ణే ఆడిపోసుకోవడానికీ లేదు. మనుషులు ఎక్కి దిగిన బస్సును రోజూ కడిగేవాడికి మనుషుల మీద గౌరవం మిగలడం కష్టం. కిటికీ కింద రేకు మీద ఎండి చారలు కట్టిన వాంతి, సీటు అడుగున వేలికి అంటుకునే నమిలి పారేసిన చూయింగ్ గమ్, అద్దం మీద తలనూనె గుండ్రంగా దిగిన మచ్చ, చంటిపిల్లల తల్లులు చుట్టచుట్టి సీటు సందులో కుక్కి వెళ్లినవి, అన్నీ ఆయన చేతుల మీదుగానే పోయాయి. ఖరీదైన కోటు వేసుకున్నవాడు కూర్చున్న సీటయినా, బస్తాలు మోసేవాడు కూర్చున్న సీటయినా, వంగి చూస్తే ఒకటే కంపు. ఆ కంపులో ఉద్యోగమంతా గడిపిన మనిషి ఇంటికి రాగానే మోచేతుల దాకా సబ్బు రాసుకుని, గోళ్ల సందులు బ్రష్షుతో తోముకుని, తెల్ల చొక్కా తొడుక్కుని, భుజాన తెల్ల తువ్వాలు వేసుకుంటే గాని మంచినీళ్లు ముట్టేవాడు కాదు. ఆ తువ్వాలు ఇంట్లో ఇంకెవరూ ముట్టుకోకూడదు. భార్యయినా సరే, ఉతికి ఆరేసేటప్పుడు తప్ప.

భార్య ఆయనకు తగ్గ మనిషి. "మా ఆయన నిప్పులు కూడా కడిగి పొయ్యిలో పెడతారండీ" అని పక్కింటివాళ్లకు చెప్పి నవ్వేది. కాపురం మొదట్లో కంచం మూడుసార్లు కడిగించినా, పక్క దుప్పటి రెండుసార్లు దులిపించినా నవ్వుకుంటూ చేసింది. కోపం వస్తే రెండు రోజులు మాట్లాడేది కాదు, అంతే. ఛీ అనే మాట మాత్రం ఆవిడ నోట ఎన్నడూ రాలేదు. ఎవరైనా అడిగితే "ఇంటికి ఒకరు చాలు కదండీ" అనేది.

అలాంటి ఇంటికి అల్లుడుగా వచ్చి పడ్డాడు జిడ్డు. ఈ పేరు కూడా మామగారు పెట్టిందే. ఒక్కగానొక్క కూతురు కళ్లద్దాల దుకాణంలో పని చేస్తుంది. రోజంతా అద్దాలు తుడిచే పిల్ల, స్కూటరు పాడైందని ఒక మెకానిక్ షెడ్డుకు వెళ్లింది. స్కూటరు బాగయ్యాక కూడా వెళ్లడం మానలేదు. ఒకరోజు ఆ మెకానిక్‌నే ఇంటికి తీసుకొచ్చి నాన్న ముందు నిలబెట్టింది. మేస్త్రి అతని ముఖం చూడలేదు. నేల మీద గుమ్మం నుంచి కుర్చీ దాకా వరసగా పడిన నల్లటి చెప్పు ముద్రలు చూశాడు.

జిడ్డు చెడ్డవాడేం కాదు. కానీ చూడటానికి రోత పుట్టించే మనిషి. మెడ మడతల్లో గ్రీజు, గోళ్ల కింద గ్రీజు, చెవి వెనక ఎప్పుడో తుడుచుకోవడం మరిచిపోయిన గ్రీజు. చేతులు ప్యాంటు వెనక భాగానికి తుడుచుకుని, అదే చేత్తో కంచం అందుకుంటాడు. సీసా మూతికి నోరు పెట్టి నీళ్లు తాగుతాడు. పళ్ల సందుల్లో ఇరుక్కున్నది నాలుకతో చప్పుడు చేస్తూ లాగుతాడు. అన్నిటికీ మించి, రేడియేటర్‌లోంచి కారిన నీళ్లు మామూలు నీళ్లా, ఇంజను చల్లబరిచే మందు కలిసిన నీళ్లా అని తెలుసుకోవడానికి వేలు ముంచి నాలుకకు రాసుకుంటాడు. మేస్త్రి అది మొదటిసారి చూసిన రోజు భోజనం మానేశాడు.

దాంతో ఆయన ఒక పద్ధతి పెట్టుకున్నాడు. అల్లుడితో నేరుగా మాట్లాడడు. అల్లుడు ఎదురుగా కూర్చుని ఉన్నా సరే, కూతురు వైపు తిరిగి "మీ ఆయనకి చెప్పు, కాళ్లు కడుక్కుని రమ్మను" అంటాడు. కూతురు లేకపోతే భార్యతో "నీ అల్లుణ్ణి అడుగు" అంటాడు. జిడ్డు ఈ ఏర్పాటుకు ఎంత అలవాటు పడ్డాడంటే, మామగారి మాట పూర్తి కాకముందే "అలాగే మావయ్యా" అనేసేవాడు. ఆ అలవాటు కూడా మేస్త్రికి చీదరగానే ఉండేది.

రిటైరైన మరుసటి ఏడాది భార్యకు మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్. ఆ యంత్రాలున్న ఆసుపత్రి కొండ మీద ఉంది. బస్సులో తీసుకెళ్లవచ్చు. కానీ బస్సు సీటు కింద ఏముంటుందో తెలిసిన మనిషి జబ్బు మనిషిని అందులో ఎలా కూర్చోబెడతాడు? అందుకే ఒక పాత వ్యాను కొన్నాడు. దాని వయసు కూతురి వయసుకు కాస్త తక్కువ. దాన్ని ఆయన లోపలా బయటా ఎంత తోమాడంటే, అక్కడక్కడా రంగు లేచిపోయి కింద రేకు మెరిసేది.

ఆవిడకు ఒక్క రోజు డయాలిసిస్ తప్పితే కాళ్లు ఉబ్బుతాయి, ఒంట్లో చేరిన నీరు ఊపిరితిత్తుల మీదికి వస్తుంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. అందుకని రోజూ సాయంత్రం ఆయన మంచం తలవైపు గోడకు దిండ్లు పేర్చి, ఆవిణ్ణి వాటికి ఆనించి కూర్చోబెట్టేవాడు. అలా కూర్చునే నిద్రపోయేది. కాబట్టి వ్యాను కొండెక్కడమంటే ఆ ఇంట్లో సరదా సంగతి కాదు. వ్యాను ఎక్కితేనే ఆవిడ ఊపిరి పీల్చేది.

అలాంటి వ్యాను వేడెక్కడం మొదలుపెట్టింది. కింద రోడ్డు మీద బాగానే పోయేది. కొండ మలుపుల్లో చిన్న గేరులోకి రాగానే మీటరు ముల్లు ఎర్ర గీత మీదికి పాకేది. కూతురు మొగుణ్ణి పంపించింది. జిడ్డు ఇంజను బాగా వేడెక్కనిచ్చి, ఆపేసి, బానెట్ ఎత్తి, ఫ్యాను రెక్కను వేలితో ఒక్క తోపు తోశాడు. అది చిన్నపిల్లల గాలిచక్రంలా గిర్రున తిరుగుతూనే ఉంది.

"చూశారా మావయ్యా? ఇంజను ఇంత వేడి మీద ఉన్నప్పుడు ఇది బిగుసుకుపోయి ఉండాలి. ఫ్యానుకి వెనక ఈ డబ్బా ఉంది చూడండి, ఇదే ఫ్యాన్ క్లచ్. లోపల చిక్కటి నూనె ఉంటుంది. ఇంజను వేడెక్కితే ఆ నూనె ఫ్యానుని పట్టుకుని గట్టిగా తిప్పుతుంది. చల్లబడితే వదిలేస్తుంది. దీంట్లో నూనె అయిపోయింది. స్పీడు మీద పోతుంటే ఎదురుగాలి సరిపోతుంది గానీ, కొండెక్కేటప్పుడు గాలెక్కడిది?"

చెప్పినంతసేపూ ఆ నల్ల వేలిని మామగారు తుడిచిన తెల్ల బంపరు మీద ఆనించే ఉంచాడు. మేస్త్రి భార్య వైపు తిరిగి "నీ అల్లుణ్ణి ఆ వేలు తియ్యమను" అన్నాడు.

కొత్త క్లచ్ తెప్పించాలంటే వారం పైన పడుతుందన్నారు. ఆవిడకు వారం ఆగే ఒళ్లు కాదు. జిడ్డు పాత ఇనప సామాన్ల గోదాములన్నీ తిరిగి, ఎవరో గోడకు గుద్ది వదిలేసిన అలాంటి వ్యానులోంచే ఒక మంచి క్లచ్ విప్పుకొచ్చాడు. దాన్ని తెచ్చిన తీరు చూడాలి. పాత కూరగాయల పెట్టె, అందులో నూనె ఓడుతున్న రంపపు పొట్టు, ఆ పొట్టులో సగం దాకా పాతిపెట్టి, చక్రంలా నిలబెట్టిన క్లచ్. దాని మీద ఏ కాలపు దుమ్మో గ్రీజుతో కలిసి చర్మంలా గట్టిపడింది. ఆ పెట్టెను తిన్నగా వెనక వసారాలోకి తీసుకొచ్చి, ఉతికిన బట్టల బుట్ట పక్కన పెట్టాడు. తర్వాత, వెంట వచ్చిన పెళ్లాం వడ్డిస్తుంటే భోజనానికి కూర్చున్నాడు.

మేస్త్రి ఎదురుగా కూర్చోక తప్పలేదు. జిడ్డు ఉడికించిన గుడ్డు ఒకటి మొత్తంగా నోట్లో వేసుకుని, బుగ్గ ఉబ్బించి, అప్పుడు మాట్లాడటం మొదలుపెట్టాడు.

"మావయ్యా, పొద్దున్నే వచ్చి బిగిస్తాను. ఆసుపత్రి టైముకి బండి రెడీ. అప్పటిదాకా దాన్ని అలాగే నిలబెట్టి ఉంచండి. పడుకోబెట్టకండి. పాత సీలు కదా, పడుకోబెడితే నూనె కారిపోతుంది."

మాట స్పష్టంగానే చెప్పాడు. అందులో అనుమానం లేదు. కానీ ఆ మాటలతో పాటు నోట్లోంచి పచ్చసొన పొడి కూడా వచ్చింది. అందులో ఒక ముక్క గాల్లో లేచి, బల్ల మీద పరిచిన తెల్ల గుడ్డ మీద, మేస్త్రి కంచానికి బెత్తెడు దూరంలో పడింది. తడిగా, పసుపుగా, పళ్ల గుర్తుతో సహా. మేస్త్రి కళ్లు దాని మీదే ఉండిపోయాయి. అల్లుడి పెదవులు కదలడం, వాటి మూలల్లో తడి మెరవడం చూస్తున్నాడు గానీ, ఒక్క ముక్క చెవికెక్కలేదు.

"అలాగేనా మావయ్యా?" అన్నాడు జిడ్డు.

"మీ ఆయనకి నీళ్లు ఇవ్వు" అన్నాడు మేస్త్రి కూతురితో. ఆ మాటనే ఒప్పుకోలు కింద లెక్కేసుకున్నాడు జిడ్డు.

వాళ్లిద్దరూ వెళ్లాక మేస్త్రి వసారాలోకి వచ్చి ఆ పెట్టెను చూస్తూ నిలబడ్డాడు. ఇలాంటి దరిద్రాన్ని ఇంట్లో పెట్టి పోయే మనిషిని ఏమనాలి? ఈ పీడను తీసుకెళ్లి, అద్దంలా తుడిచిన ఇంజనుకు బిగిస్తాడా? తన భార్య కూర్చునే బండికి? మేస్త్రి చొక్కా విప్పి పక్కన పెట్టి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకున్నాడు. కిరసనాయిలుతో ఒకసారి, సబ్బు నీళ్లతో ఒకసారి, మళ్లీ మంచినీళ్లతో ఒకసారి. మధ్యలో ఉన్న స్ప్రింగు చుట్టల సందుల్లో పాత టూత్ బ్రష్షు పెట్టి తోమాడు. రెక్కలకు మల్లే చుట్టూ ఉన్న ప్రతి గాడినీ పుల్లకు దూది చుట్టి తుడిచాడు. పని అయ్యేసరికి ఆ ఇనప ముక్క గిన్నెలా మెరిసింది. ఇప్పుడు దాన్ని మళ్లీ ఆ పొట్టులో పెట్టడమా? ఛీ. పాత పంచె చింపి దాచిన తెల్ల గుడ్డ ఒకటి బల్ల మీద పరిచి, దాని మీద క్లచ్‌ను చక్కగా వెల్లకిలా పడుకోబెట్టి, దుమ్ము పడకుండా పైన ఇంకో గుడ్డ కప్పాడు. పెట్టెనూ పొట్టునూ తీసుకెళ్లి వీధి చివర పారేశాడు.

లోపల గదిలో, గోడకు ఆనుకుని కూర్చున్న భార్య కిటికీలోంచి ఇదంతా చూసి నవ్వుకుంది.

పొద్దున గుడ్డ తీస్తే, కింద పరిచిన గుడ్డకు అరచేయంత మేర ఏదో అంటుకుని ఉంది. రంగు లేదు, వాసన లేదు, ముట్టుకుంటే చీమిడిలా సాగింది. మేస్త్రికి ఒళ్లు జలదరించింది. ఇంత కడిగినా ఇంకా మురికి ఎక్కడ దాక్కుందో! ఆ గుడ్డను రెండు వేళ్లతో పట్టుకెళ్లి చెత్తబుట్టలో పడేసి, క్లచ్ వెనక భాగాన్ని మళ్లీ శుభ్రంగా తుడిచి, కొత్త కాగితంలో చుట్టాడు. కాసేపటికి వచ్చిన అల్లుడికి దాన్ని తన చేత్తోనే అందించాడు. పక్కనున్న భార్యతో "నీ అల్లుడికి చెప్పు, వస్తువంటే ఇలా ఉండాలని" అన్నాడు. అది చెప్పడంలో ఆయనకు కలిగిన తృప్తి అంతా ఇంతా కాదు.

"అబ్బో, పెళ్లికూతురిలా ఉంది" అన్నాడు జిడ్డు. బెల్టు వదులు చేసి, పాత క్లచ్ నాలుగు నట్లూ విప్పి, నోట్లో పెట్టుకుని, తను తెచ్చినదాన్ని కూర్చోబెట్టి, ఒక్కో నట్టూ నోట్లోంచి తీసి బిగించాడు. మేస్త్రి అటు తిరిగి నిలబడ్డాడు. ఉమ్మి తడితో బిగించిన నట్లు తన బండిలో! చివరికి జిడ్డు ఫ్యానును ఒకసారి తిప్పి చూశాడు. నిన్నటికన్నా వదులుగా తిరిగినట్టుంది. "చల్లగా ఉంది కదా, వేడెక్కితే పట్టుకుంటుందిలే" అనుకున్నాడు. అవతల షెడ్డులో బేరం ఎదురుచూస్తోంది. పాత క్లచ్‌నూ మిగిలిన సామానునూ సంచిలో పడేసుకుని వెళ్లిపోయాడు.

మేస్త్రి భార్యను ఎక్కించుకుని బయలుదేరాడు. కొండ మొదట్లో బాగానే ఉంది. మూడో మలుపులో ముల్లు కదిలింది. అయిదో మలుపు తిరిగేసరికి ఎర్ర గీత దాటింది, బానెట్ సందుల్లోంచి పొగ లేచింది, ఉడికిన రబ్బరు, తీపి మందు కలిసిన కంపు బండి నిండా కమ్ముకుంది. రోడ్డు పక్కకు తీసి ఆపాడు. అడుగు నుంచి పచ్చటి నీళ్లు కారి, దుమ్ములో బురద కట్టి, ఆయన తెల్ల చెప్పుల కిందికి వచ్చాయి.

భార్య ముందు సీటులో నిటారుగా కూర్చుని, రెండు మాటలకోసారి గాలి పీల్చుకుంటోంది. "కంగారు పడకండి. అల్లుడికి ఫోన్ చెయ్యండి" అంది.

చెయ్యడానికి అల్లుడి నంబరు ఆయన దగ్గర లేదు. ఇన్నేళ్లలో ఎప్పుడూ తీసుకోలేదు. కూతురికి చేశాడు. ఆ పిల్ల దుకాణంలో ఎవరికో కళ్లద్దాలు పెడుతూ ఫోన్ ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మళ్లీ. భార్యకు తువ్వాలుతో విసురుతూ, ఇంకో చేత్తో ఫోన్ చెవికి పెట్టుకుని నిలబడిన ఆ కాసేపట్లో, ఆ మురికి ముఖం రోడ్డు మలుపులో ఎప్పుడు కనిపిస్తుందా అని జీవితంలో మొదటిసారి ఎదురుచూశాడు.

చివరికి కూతురు ఫోన్ ఎత్తి మొగుడికి చెప్పింది. జిడ్డు మోటారు సైకిలు మీద ఊడిపడ్డాడు. ముందు అత్తగారి ముఖం చూశాడు, తర్వాత బానెట్ ఎత్తాడు. ఇంజను కాస్త చల్లబడ్డాక క్లచ్ విప్పి, చేతుల్లో అటూ ఇటూ తిప్పి, వెనక సీలు మీద బొటనవేలు రాసి చూశాడు.

"మావయ్యా, దీంట్లో చుక్క నూనె లేదు. నిన్న నేను తెచ్చినప్పుడు బిగువుగా ఉంది. నిలబెట్టే ఉంచారు కదా? పడుకోబెట్టకండి అని చెప్పాను కదా?"

అప్పుడు, అక్కడ, ఆ కంపులో, గుడ్డు నమిలిన ఆ నోరు మేస్త్రికి మళ్లీ కనిపించింది. ఈసారి మాటలతో సహా. తెల్ల గుడ్డ మీద సాగిన ఆ జిగురు ఏమిటో తెలిసింది.

"నీ అల్లుడికి చెప్పు. ఎక్కడ పెట్టాడో అక్కడే ఉంది. ఎవరూ కదపలేదు" అన్నాడు భార్యతో.

ఆవిడ ఆయన వైపు చూసింది.

"అయితే నాదే పొరపాటు. బిగించేటప్పుడే వదులు అనిపించింది. మళ్లీ చూసుకోవలసింది" అన్నాడు జిడ్డు. అంతలో కూతురి ఫోను. జిడ్డు చేతులకు గ్రీజని స్పీకరు పెట్టి బంపరు మీద ఉంచాడు. ఆ పిల్ల ఒక్కటి మిగల్చలేదు. "మా అమ్మ ప్రాణంతో ఆడుకుంటావా? ఒక్క పని సరిగ్గా చేసి చావవా? ఒళ్లు కడుక్కోవు, పనైనా కడిగినట్టు చెయ్యవు. మా నాన్న చెప్పినప్పుడు వినాల్సింది నేను" అని కడిగి పారేసింది. జిడ్డు "సరే", "సరేలే" అంటూ సంచిలోంచి ఒక ఇనప పట్టీ తీసి, రెండు చివరలూ సుత్తితో వంచుతున్నాడు. మేస్త్రి తేలు కుట్టిన దొంగలా రోడ్డు అవతల ఉన్న రాళ్లను చూస్తూ నిలబడ్డాడు. ఒక్క మాట అంటే ఆ తిట్లు ఆగుతాయి. ఆ ఒక్క మాట ఆయన అనలేదు.

క్లచ్‌ను మళ్లీ కూర్చోబెట్టి, ఆ పట్టీ ఒక చివర ఫ్యాను బోల్టు కిందా, రెండో చివర బెల్టు తిప్పే కప్పీ నట్టు కిందా బిగించాడు జిడ్డు. ఇక క్లచ్‌తో పని లేకుండా ఇంజను తిరిగినంతసేపూ ఫ్యాను తిరగాల్సిందే. "అసహ్యంగా ఉంటుంది మావయ్యా, మోత కూడా మోస్తుంది. కొండెక్కుతుంది మాత్రం" అన్నాడు. నీళ్లు పోశారు. స్టీరింగు దగ్గర జిడ్డే కూర్చున్నాడు. వ్యాను విమానంలా మోతపెడుతూ కొండెక్కింది. దారి పొడుగునా ఎవరు మాట్లాడినా వినబడేది కాదు.

ఆసుపత్రిలో ఆలస్యమైనందుకు నర్సు చీవాట్లు పెట్టి, ఆవిణ్ణి యంత్రానికి కలిపింది. గొట్టాల్లో రక్తం తిరగడం మొదలయ్యాక, ఆయాసం కాస్త తగ్గాక, భార్య కళ్లు తెరిచింది. మేస్త్రి పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"ఆ తెల్ల గుడ్డ ఏం చేశారు?" అంది.

"ఏ గుడ్డ?"

"కిటికీలోంచి చూశాను లెండి. చంటిపిల్లని పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి, పైన దుప్పటి కూడా కప్పారు. పొద్దున ఆ గుడ్డని వేలాడేసుకుని వెళ్లి పారేశారు. నన్నేమో పడుకుంటే ఊపిరాడదని గోడకి ఆనించి కూర్చోబెడతారు. దాని సంగతి అతను చెప్తే మాత్రం వినలేదు."

"అది కాదు. విననేలేదు నేను. నోట్లో గుడ్డు పెట్టుకుని..."

"వినలేదు సరే. రోడ్డు మీద అబద్ధం ఎందుకాడారు?"

"ఒప్పుకుంటే నెత్తికెక్కి కూర్చుంటాడు."

"మీ పక్కనే నిలబడి పెళ్లాం చేత అన్ని తిట్లు తిన్నాడు. మీరు రాళ్లు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డారు." ఆవిడ కాసేపు ఊపిరి తీసుకుంది. తర్వాత ఆయన ముఖంలోకి చూసి, గట్టిగా కాదు, కోపంగా కూడా కాదు, "ఛీ" అంది. అని, తల అటు తిప్పుకుంది.

మేస్త్రి ఆ మాటను బస్సుల మీద, వీధుల మీద, ఊరి మీద, అల్లుడి మీద బతుకంతా విసిరాడు. తన మీద పడటం ఇదే మొదలు. అదీ ఆవిడ నోట. ఒంటి మీద తెల్ల చొక్కా ఉంది, గోళ్లు శుభ్రంగా ఉన్నాయి, అయినా ఆ గదిలో అన్నిటికన్నా మురికి వస్తువు తనే అనిపించింది. తనంటే తనకు రోత పుట్టింది. లేచి బయటికి వెళ్లాడు.

జిడ్డు వ్యాను వెనక సీటులో, ఉతికిన కవరు మీద బూట్లతో సహా కాళ్లు చాపుకుని, అరటిపండు తింటున్నాడు. మేస్త్రి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. చుట్టూ చూశాడు. కూతురు లేదు, భార్య లేదు, మధ్యలో పెట్టుకోవడానికి ఎవరూ లేరు.

"అల్లుడూ" అన్నాడు.

జిడ్డు ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు.

"పడుకోబెట్టాను. కడిగి, తుడిచి, గుడ్డ మీద పడుకోబెట్టాను. నూనె గుడ్డకి అంటితే మురికనుకుని పారేశాను. నేనే."

"తెలుసు మావయ్యా."

"ఎప్పుడు తెలిసింది?"

"విప్పినప్పుడే. నూనె కారితే సీలు చుట్టూ జాడ ఉంటుంది కదా. అక్కడ తడి లేదు, దుమ్ము లేదు. ఎవరో తుడిచేశారు. మన ఇంట్లో అంత శుభ్రంగా తుడిచేది ఎవరు చెప్పండి?"

"మరి ఎందుకు అనలేదు?"

"అత్తయ్యకి ఆయాసంగా ఉంది. ఆవిడ ముందు ఈ పంచాయితీ ఎందుకని" అని జిడ్డు భుజాలెగరేశాడు. "నేనూ సరిగ్గా చూడలేదు లెండి. దానికి తిట్లు సరిపోయాయి."

అతను నాలుగు మాటలు అని ఉంటే మేస్త్రికి తేలికగా ఉండేది. జిడ్డు నవ్వాడు. నోరంతా తెరిచి, నమిలిన అరటిపండు మొత్తం కనిపించేలా నవ్వాడు. ఒక చిన్న ముక్క ఎగిరి వచ్చి మామగారి తెల్ల చొక్కా జేబు మీద పడింది. మేస్త్రి దాన్ని చూశాడు. ఒకరోజు సిగ్గుపడినంత మాత్రాన పోయే రోత కాదు అది. ఆ ముక్కను అలాగే వదిలేసి, ఫోను తీసి కూతురికి చేశాడు.

"మీ ఆయన్ని తిట్టకు. తప్పు నాది."

"ఏంటి నాన్నా? ఏమన్నావు?"

"విన్నావు కదా. అతని నంబరు చెప్పు నాకు."

"పక్కనే ఉన్నాడు కదా నాన్నా, అతన్నే అడుగు" అంది కూతురు.

కొత్త క్లచ్ పై వారం వచ్చింది. అప్పటిదాకా వ్యాను ఆ పట్టీతోనే, వీధివీధంతా తొంగిచూసే మోతతో కొండెక్కి దిగింది. జిడ్డు దాన్ని ఒక సాయంత్రం తీసుకొచ్చాడు. మళ్లీ ఎక్కడ దొరికిందో అలాంటిదే ఒక పెట్టె, అంతకన్నా నల్లటి పొట్టు. "పొద్దున్న బిగిస్తాను మావయ్యా. నిలబెట్టే..." అని మొదలుపెట్టాడు.

"విన్నానయ్యా" అన్నాడు మేస్త్రి.

అతను వెళ్లాక మేస్త్రి ఆ పెట్టెను వసారాలో ఉంచలేదు. పిల్లి తడితే? గాలికి ఒరిగితే? ముఖం చిట్లించుకుంటూ, కడుపుకు ఆనించి ఎత్తుకుని, లోపలి గదిలోకి తెచ్చి భార్య మంచం పక్కన పెట్టాడు. ఆవిడ గోడకు ఆనుకుని చూస్తోంది. నేల ఎగుడుదిగుడుగా ఉంది కాబోలు, పెట్టె కాస్త ఊగింది, క్లచ్ ఒక పక్కకు వాలింది.

"దానికీ ఓ దిండు పెట్టండి" అంది ఆవిడ.

మేస్త్రి చుట్టూ వెతికాడు. చేతికి ఏదీ అందలేదు. భుజం మీది తువ్వాలు తీసి, మడిచి, క్లచ్‌కూ పెట్టె గోడకూ మధ్య కుక్కాడు. అది కదలకుండా నిలబడింది. పొట్టులోని నల్ల నూనె తువ్వాలు అంచు నుంచి మెల్లగా పైకి పాకింది. ఛీ అనబోయి, భార్య వైపు చూసి, ఊరుకున్నాడు. స్టూలు లాక్కుని, అది మళ్లీ ఒరగకుండా చూస్తూ అక్కడే కూర్చున్నాడు.